వాకిట్లో గుట్ట - చిప్పలో చెరువు



మీ పిల్లల చేతికి పలక, బలపం ఇవ్వండి. "గుట్ట బొమ్మ వెయ్యి" అనండి. ఏం వేస్తారో చూడండి.

మొనదేలిన కొండలు రెండు వేస్తారు. వాటి నడుమ సూర్యుణ్ణి పెడతారు. కింద ఒక ఏరు వేస్తారు. ఏటి పక్కన ఒక గుడిసె, ఒక కొబ్బరిచెట్టు. ఏ ఊరి పిల్లలైనా ఇదే బొమ్మ వేస్తారు. నేను చదువు చెప్పే పిల్లలు కూడా ఇదే వేస్తారు.

మరి మన తెలంగాణ ఊళ్లలో గుట్టలు అట్లా ఉంటాయా? ఉండవు. మన గుట్టకు మొన ఉండదు. గుండ్రటి రాతి గుండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. పక్కన కొబ్బరిచెట్టు ఉండదు. తాటిచెట్లు ఉంటాయి. కింద ఏరు కాదు, చెరువు ఉంటుంది.

పిల్లలు తెలివితక్కువవాళ్లు కారు. పుస్తకంలో ఉన్న బొమ్మను చూశారు. దాన్నే వేశారు. పొద్దున లేస్తే కనబడే గుట్టను మాత్రం "ఒకసారి బాగా చూడు" అని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఆ మాట మనం చెబుదాం. చూసిన గుట్టను, చెరువును పిల్లల చేత వాకిట్లో చేయిద్దాం. దీనికి పైసా ఖర్చు లేదు. ఇంట్లో ఉన్న వస్తువులే చాలు.

మీకు ఈ పని వచ్చు

"బొమ్మలు చేయడం మాకేం వచ్చు? మేం ఏం నేర్పుతాం?" అని మీరు అనవచ్చు.

రాయితో, మట్టితో, కర్రతో చేసిన రూపాన్ని శిల్పం అంటారు. శిల్పం చేసేవాళ్లు శిల్పులు. మీరంతా శిల్పులే. ఎట్లాగంటారా?

బతుకమ్మను పేర్చేది ఎవరు? మీరే. తాంబాళంలో ఆకులు పరుస్తారు. తంగేడు పూలు చుట్టూ పేరుస్తారు. దాని మీద గునుగు. ఆ మీద బంతి. పైకి పోయేకొద్దీ వరుస చిన్నది చేస్తారు. లోపల ఆకులు కూరుతారు. అప్పుడే బతుకమ్మ ఒరగకుండా నిలబడుతుంది. ఎంత ఎత్తు పేర్చినా కూలదు. చూస్తే పూల గుట్టలాగా ఉంటుంది.

ఈ పూలు ఎక్కడివి? కొనుక్కొచ్చినవి కావు. తంగేడు, గునుగు చేల గట్ల మీద, గుట్టల పక్కన వాటంతట అవే పూస్తాయి. తొమ్మిది రోజులు ఆడి చెరువులో సాగనంపుతాం. 2014లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మను రాష్ట్ర పండుగ చేసింది.

అడుగు వెడల్పు ఉండాలి, పైన సన్నగా ఉండాలి, నడుమ గట్టిగా కూరాలి. ఇది మీకు చేతిలో ఉన్న విద్య. వినాయక చవితికి మట్టి పిసికిన చెయ్యి మీదే. పొయ్యి వేసిన చెయ్యి మీదే. ఈ విద్యనే పిల్లలకు అందించాలి. అంతే.

ముందు చూడాలి, తర్వాత చేయాలి

ఒక ఆదివారం పొద్దున పిల్లలను చెరువు కట్ట మీదికి తీసుకుపోండి. బట్టలు ఉతకను పోయినప్పుడైనా సరే. పదిహేను నిమిషాలు కూర్చోబెట్టండి. ఈ ప్రశ్నలు అడగండి.

గుట్ట ఎటుపక్క నిటారుగా ఉంది? ఎటుపక్క వాలుగా ఉంది?

అన్నిటికంటే పెద్ద గుండు ఎక్కడ ఉంది? అది దేని మీద నిలబడింది?

వాన పడితే గుట్ట మీది నీళ్లు ఎటు పారతాయి?

చెరువులోకి నీళ్లు ఎటునుంచి వస్తాయి? నిండితే ఎటు పోతాయి?

చెట్లు ఎక్కడ గుంపుగా ఉన్నాయి? ఎక్కడ అసలే లేవు? ఎందుకు?

అక్కా, ఒక్క సంగతి. జవాబు మీరు చెప్పకండి. "నువ్వేమనుకుంటున్నావు?" అని అడగండి. తప్పు చెప్పినా ఫర్వాలేదు. "పోయి చూసి రా" అనండి. చూసి వచ్చినవాళ్లు ఆ సంగతి మరచిపోరు.

తిరిగి వచ్చేటప్పుడు పిల్లలను ఏరుకోనివ్వండి. గులకరాళ్లు, ఎండుపుల్లలు, రాలిన కాయలు, ఈకలు, రంగురంగుల మట్టి. ఒక సంచి తీసుకుపోతే చాలు.

ఇంట్లో ఏముంది? అది ఏమవుతుంది?

కొబ్బరి చిప్ప - చెరువు.
గులకరాళ్లు, చింతగింజలు - కట్టకు పరిచిన రాళ్లు.
అగ్గిపెట్టెలు - ఇళ్లు.
చీపురు పుల్ల, దాని కొసకు కట్టిన గడ్డి - తాటిచెట్టు.
వేప పుల్లలు - చెట్లు.
బొప్పాయి ఆకు కాడ, ఆముదపు ఆకు కాడ - నీళ్లు పోయే తూము. (ఇవి లోపల బోలుగా ఉంటాయి.)
పల్లికాయ పొట్టు - పడవ, ఇంటి కప్పు.
సీసా మూత - బావి.
పాత గోనె సంచి - నలిపి పరిస్తే బీడు భూమి.
పాలప్యాకెట్టు కవరు - నీళ్లు ఇంకకుండా అడుగున పరిచే పొర.
రంగులకు - ఎర్రమట్టి, నల్లమట్టి, బూడిద, బొగ్గు పొడి, పసుపు.

ఇవి నేను చెప్పినవి. మీ పిల్లలు ఇంకా చాలా కనిపెడతారు. మొక్కజొన్న కండెను నిలబెట్టి "ఇది సెల్ టవరు" అన్నది మా కేంద్రానికి వచ్చే ఒక అక్క కూతురు. ఆ పాపకు ఆరేళ్లు.

గుట్ట చేద్దాం

ముందుగా ఒక మాట. మన గుట్టల మీద గుండ్లు ఎందుకు గుండ్రంగా ఉంటాయి? ఎవరో రాక్షసుడు తెచ్చి పేర్చినట్టు ఎందుకు ఉంటాయి?

సబ్బు బిళ్లను చూడండి. కొన్న రోజు దానికి మూలలు ఉంటాయి. పదిరోజులు వాడితే మూలలు పోతాయి. గుండ్రంగా అవుతుంది. ఎందుకు? నడుమ భాగాన్ని నీళ్లు ఒక్క పక్కనుంచే తాకుతాయి. మూలను మూడు పక్కల నుంచి తాకుతాయి. కాబట్టి మూల ముందు కరుగుతుంది.

గుట్ట సంగతీ ఇంతే. మన దగ్గర ఉన్న ఈ గట్టి రాయిని గ్రానైటు అంటారు. హైదరాబాదు చుట్టుపక్కల గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల కరిగి ఉన్న రాయి చల్లబడి గట్టిపడింది. తర్వాత దానికి అడ్డంగా, నిలువుగా పగుళ్లు వచ్చాయి. పగుళ్లలోకి నీళ్లు దిగాయి. రాయి మూలలు కొద్దికొద్దిగా మెత్తబడి మట్టి అయ్యాయి. ఆ మట్టిని వానలు కడిగేశాయి. గట్టిగా ఉన్న నడిమి గుండ్లు మిగిలాయి. పేర్చింది రాక్షసుడు కాదు. నీళ్లు, ఎండ, కాలం.

ఈ సంగతి పిల్లలకు సబ్బు చూపించి చెప్పండి. ఆ తర్వాత గుండ్లు పేర్చమనండి.

మొదటి పద్ధతి - రాళ్లతో. గుండ్రటి రాళ్లు పదిహేను ఇరవై ఇవ్వండి. ఒకదాని మీద ఒకటి నిలబెట్టమనండి. పడిపోతాయి. పడనివ్వండి. కొంతసేపు చూసి పొయ్యి దగ్గరికి తీసుకుపోండి. పొయ్యికి రాళ్లు ఎన్ని? మూడు. మూడు రాళ్ల మీద కుండ ఊగదు. రెండింటి మీద నిలవదు. పై రాయి కింది రాయిని మూడు చోట్ల తాకితే కదలదు. రాయిని కొద్దికొద్దిగా తిప్పుతూ ఆ మూడు చోట్లు వెతకాలి. దొరికాక పిల్లల ముఖాలు చూడండి!

రెండో పద్ధతి - మట్టితో. చెరువు బంకమట్టి తీసుకోండి. రాళ్లు, వేళ్లు ఏరెయ్యండి. మూడు గుప్పెళ్ల మట్టికి ఒక గుప్పెడు ఊక గాని, తరిగిన గడ్డి గాని కలపండి. నీళ్లు చల్లి రొట్టె పిండిలాగా పిసకండి. ఊక ఎందుకు? మట్టి ఆరితే దానిలో నీళ్లు పోతాయి. నీళ్లు పోతే మట్టి కుంచించుకుపోతుంది. అప్పుడు పగులుతుంది. ఊక, గడ్డి మట్టిని పట్టి ఉంచుతాయి. గోడ మట్టిలో గడ్డి కలిపేది అందుకే గదా!

చేసిన గుట్టను ఎండలో పెట్టకండి. ఎండలో పైపొర ముందు ఆరిపోతుంది. లోపల తడి ఉంటుంది. పగుళ్లు వస్తాయి. నీడలో నాలుగైదు రోజులు ఆరనివ్వండి. ఒక ముద్దకు ఇంకో ముద్ద అతికించాలంటే రెండింటినీ పుల్లతో గీరండి. పల్చటి మట్టి గుజ్జు రాసి నొక్కండి. ఉత్తగా అతికిస్తే ఊడిపోతుంది.

ఒకే గుట్ట అందరికీ ఒకలాగా కనబడదు. ఒకరికి పడుకున్న ఏనుగు కనబడుతుంది. ఒకరికి మూట నెత్తిన పెట్టుకున్న అవ్వ కనబడుతుంది. ఎవరికి ఎట్లా కనబడితే అట్లా చేయనివ్వండి. "గుట్ట ఇట్లా ఉండదు" అనకండి. "నీకు ఎక్కణ్ణుంచి చూస్తే ఇట్లా కనబడింది?" అని అడగండి.

చెరువు చేద్దాం

మన చెరువులకు పెద్ద చరిత్ర ఉంది. కాకతీయ రాజుల కాలంలో, సుమారు 800 ఏళ్ల కిందట ఎన్నో చెరువులు తవ్వించారు. రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు ఆ కాలం నాటివే. ఈనాటికీ వాటి కింద పొలాలు పండుతున్నాయి. ములుగు జిల్లాలో రామప్ప చెరువు దగ్గరే రామప్ప గుడి ఉంది. ఆ గుడిని 1213లో కట్టారు. 2021లో దాన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా యునెస్కో గుర్తించింది. గుడిని చూడటానికి దూరదేశాల వాళ్లు వస్తారు. చెరువు కూడా చూడదగ్గదే. అదీ మనుషుల చేతిపనే.

ఆనాటివాళ్లు ఒక తెలివైన పని చేశారు. చెరువులను గొలుసులాగా కలిపారు. పై చెరువు నిండితే నీళ్లు కింది చెరువుకు పోతాయి. అది నిండితే ఇంకా కింది దానికి. చుక్క నీరు వృథా కాదు. వీటిని గొలుసుకట్టు చెరువులు అంటారు.

దీన్ని వాకిట్లో చేద్దాం.

1. వాలుగా ఉన్న చోటు చూడండి. లేకపోతే ఒక పక్క మట్టి పోసి వాలు చేయండి.

2. మూడు కొబ్బరి చిప్పలు తీసుకోండి. ఒక్కొక్క చిప్ప అంచుకు ఒక చోట చిన్న గాడి కొట్టండి. ఈ పని పెద్దవాళ్లే చేయాలి. ఈ గాడే అలుగు. కొన్ని ఊళ్లలో మత్తడి అంటారు.

3. పైన ఒకటి, నడుమ ఒకటి, కింద ఒకటి చిప్పలను మట్టిలో పాతండి. గాడి పల్లం వైపు ఉండాలి.

4. గాడి నుంచి కింది చిప్ప దాకా పుల్లతో కాలువ గీయండి. కాలువలో పాలప్యాకెట్టు ముక్క పరవండి.

5. చిప్ప పల్లం వైపు మట్టితో కట్ట పోయండి. కట్ట అడుగు వెడల్పుగా, పైన సన్నగా ఉండాలి. బతుకమ్మ లాగానే! కట్టకు నీళ్లవైపు గులకరాళ్లు, చింతగింజలు అద్దండి. నిజం చెరువుకు కూడా ఆ వైపు రాళ్లు పరుస్తారు. అలలు కొట్టి మట్టి జారకుండా ఆ రాళ్లు కాపాడతాయి.

6. కింది చిప్ప తర్వాత పొలం చేయండి.

ఇప్పుడు ఒక చెంబు నీళ్లు తెండి. పై చిప్పలో మెల్లగా పోయమనండి. చిప్ప నిండుతుంది. గాడి నుంచి నీళ్లు దుముకుతాయి. నడిమి చిప్ప నిండుతుంది. ఆ తర్వాత కిందిది. చివరికి పొలం తడుస్తుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. పెద్దవాళ్లు కూడా చుట్టూ చేరతారు.

తూము కూడా చేయవచ్చు. చిప్ప బదులు గుంట తవ్వి, కవరు పరచండి. బొప్పాయి కాడను కట్ట కిందినుంచి పెట్టండి. కాడకు బురద ముద్దతో మూత పెట్టండి. మూత తీస్తే నీళ్లు పొలానికి పోతాయి. పెడితే ఆగుతాయి. అలుగు నీళ్లు ఎక్కువైనప్పుడు తనంతట తానే పారుతుంది. తూమును మనిషి తెరవాలి. ఈ తేడా పిల్లలకు చేతితో తెలుస్తుంది.

కాలువ మూసి చూడండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన ఆట. రెండు చిప్పల నడుమ ఉన్న కాలువను మట్టితో పూడ్చండి. దాని మీద ఒక అగ్గిపెట్టె ఇల్లు పెట్టండి. మళ్లీ చెంబెడు నీళ్లు పోయించండి.

ఏమైంది? నీళ్లకు దారి లేదు. పక్కలకు పొర్లాయి. ఇల్లు కొట్టుకుపోయింది. కట్ట కోసుకుపోయింది. కింది చెరువుకు మాత్రం చుక్క అందలేదు. పైన వరద, కింద కరువు!

ఇది ఆట మాత్రమే కాదు. 2020 అక్టోబరులో హైదరాబాదులో పెద్ద వానలు పడ్డాయి. చెరువులు పొంగాయి. కట్టలు తెగాయి. ఎన్నో కాలనీలు మునిగాయి. మనుషులు చనిపోయారు. వాన ఎక్కువ పడిన మాట నిజమే. కానీ నీళ్లు పోయే దారుల్లో ఇళ్లు కట్టడం కూడా ఒక పెద్ద కారణం. ఆ దారులు అక్కడ ఉన్నాయని చాలామందికి తెలియదు. తెలిసిన ముసలివాళ్లను ఎవరూ అడగలేదు.

మన ఊరి కాలువ ఎక్కడుంది? మీకు తెలుసు. మీ అత్తగారికి ఇంకా బాగా తెలుసు. మీ పిల్లలకు తెలుసా? వాళ్లకు తెలియకపోతే రేపు ఆ కాలువను ఎవరు పూడ్చినా అడిగేవాళ్లు ఉండరు. వాకిట్లో చేసుకున్న చెరువు ఈ సంగతి నేర్పుతుంది.

పొలం పచ్చగా కావాలా?

పాత పళ్లెంలో గాని, పగిలిన కుండ పెంకులో గాని తడి మట్టి పరవండి. ఆవాలో రాగులో చల్లండి. ఎండ ఎక్కువ తగలని చోట పెట్టండి. రోజూ రెండుసార్లు నీళ్లు చిలకరించండి. మూడు నాలుగు రోజుల్లో మొలకలు వస్తాయి. వారానికి పచ్చటి మడి అవుతుంది. దాన్ని తెచ్చి చెరువు కింద పెట్టండి. బొమ్మల కొలువులో పచ్చిక చేసేది ఇట్లాగే.

పిల్లలను రోజూ పుల్లతో కొలవమనండి. ఇవాళ ఎంత పెరిగింది? నిన్న ఎంత ఉంది? పుల్ల మీద గీత గీయమనండి. లెక్కలు ఇక్కడే మొదలవుతాయి.

పేర్లు మీరు రాయండి

ఇప్పుడు మన పని. పిల్లలు గుట్ట చేశారు, చెరువు చేశారు. పేర్లు మీరు రాయాలి.

పాత పెళ్లిపత్రికలను చిన్న ముక్కలుగా కత్తిరించండి. పేరు పెద్ద అక్షరాలతో రాయండి. చీపురు పుల్లకు గుచ్చి నిలబెట్టండి.

గుట్ట. కట్ట. మట్టి. చెట్టు.

చూశారా? నాలుగు మాటల్లోనూ ట కింద ట వత్తు ఉంది. ఈ నాలుగు రాస్తే ఆ వత్తు చేతికి వచ్చేసినట్టే. తర్వాత చెరువు, తూము, అలుగు, వాగు, పొలం రాయండి.

అక్కడితో ఆగకండి. మన ఊరి గుట్టకు ఒక పేరు ఉంటుంది. చెరువుకు పేరు ఉంటుంది. కుంటకు, వాగు మలుపుకు, పెద్ద గుండుకు కూడా పేర్లు ఉంటాయి. ఒక్కొక్క చేనుకూ పేరు ఉంటుంది. ఇవి ముసలివాళ్ల నోట్లో ఉన్నాయి. చాలా పేర్లు ఎవరూ ఏ పుస్తకంలోనూ రాయలేదు. వాళ్లు పోతే పేర్లూ పోతాయి. అడిగి తెలుసుకోండి. చీటీ మీద రాయండి. ఆ పేరు రాసిన మొదటి మనిషి మీరే కావచ్చు.

రెవెన్యూ వాళ్ల దగ్గర ఊరి నక్ష ఉంటుంది. దానిలో చెరువులు, వాగులు, బాటలు గీసి ఉంటాయి. మీ పిల్లలు మట్టితో చేసింది కూడా ఊరి నక్షే. దీన్ని చేసినవాళ్లకు రేపు ఆ కాగితం నక్ష చూస్తే భయం ఉండదు. ఏ గీత ఏమిటో తెలుస్తుంది. మీకూ తెలుస్తుంది.

ఒక మనిషి చేసిన తోట

ఇంట్లో పారేసే వస్తువులతో ఇంత పెద్ద పని అవుతుందా అని అనుమానమా? చండీగఢ్ సంగతి వినండి.

చండీగఢ్ ఉత్తరాన ఉన్న పట్నం. అక్కడ నేక్‌చంద్ అనే ఆయన ఉండేవాడు. 1924లో పుట్టాడు. రోడ్లు వేయించే ప్రభుత్వ శాఖలో చిన్న ఉద్యోగం. కొత్త పట్నం కట్టడానికి పాత ఊళ్లను పడగొట్టారు. పగిలిన పింగాణీ, గాజు ముక్కలు, పెంకులు కుప్పలుగా పడి ఉండేవి. ఆయన వాటిని ఏరి సైకిలు మీద మోసుకుపోయేవాడు. కొండల దగ్గర వింత ఆకారాల రాళ్లు ఏరేవాడు. 1957 ప్రాంతంలో మొదలుపెట్టాడు. అడవిలో, ఎవరికీ తెలియకుండా ఏళ్లతరబడి చేశాడు. దారులు, నీళ్ల ధారలు, మనుషుల బొమ్మలు, పశువుల బొమ్మలు కట్టాడు. పగిలిన గాజులతోనే ఎన్నో బొమ్మలు చేశాడు.

తర్వాత అధికారులకు తెలిసింది. అది ప్రభుత్వ భూమి. అయినా ఆ తోటను పడగొట్టలేదు. 1976లో జనం కోసం తెరిచారు. దాని పేరు రాక్ గార్డెన్. 1984లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. 2015లో ఆయన చనిపోయాడు. తోటను ఈనాటికీ జనం చూసి వస్తున్నారు. ఆయన శిల్పం బడిలో నేర్చుకోలేదు. చూశాడు, ఏరాడు, చేశాడు.

ఇంట్లో వాళ్లు ఏమంటారు?

"మట్టిలో ఆడితే చదువు ఏం కావాలి?" అని మీ ఇంటాయన అనవచ్చు. ఇట్లా జవాబు చెప్పండి.

ఎత్తు, పల్లం తెలిసింది. తూర్పు, పడమర తెలిసింది. కొలవడం, లెక్కపెట్టడం వచ్చింది. నీళ్లు పల్లానికి పారతాయని చేతితో తెలుసుకున్నారు. నలుగురితో కలిసి పని చేశారు. పడిపోయినదాన్ని మళ్లీ కట్టారు. ఇదంతా చదువే.

"నాకెక్కడిది తీరిక?" అని మీరు అనవచ్చు. నిజమే. కూలికి పోయి వచ్చి, వంట చేసి, గిన్నెలు తోమేసరికి రాత్రి అవుతుంది. కానీ పక్కన కూర్చొని అన్నీ చూడక్కర్లేదు. ఆదివారం అరగంట చాలు. మొదలుపెట్టించి మీ పని చేసుకోండి. నడుమనడుమ వచ్చి ఒక ప్రశ్న అడగండి. నలుగురు తల్లులు కలిసి వంతులు వేసుకుంటే ఇంకా తేలిక.

మనం చేయకూడని పనులు

పిల్లల చేతిలోది లాక్కొని మనమే చేయకూడదు. బాగా వస్తుంది గాని అది మన బొమ్మ అవుతుంది.

"వాడిది బాగుంది, నీది బాగాలేదు" అనకూడదు.

అబ్బాయి కట్టడం, అమ్మాయి ఊడ్చడం - ఇట్లా పంచకూడదు. ఇద్దరూ కట్టాలి. ఇద్దరూ ఊడ్చాలి.

చేసినదాన్ని ఆ సాయంత్రమే ఊడ్చి పారేయకూడదు. నాలుగు రోజులు ఉంచండి. ఇరుగుపొరుగును పిలిచి చూపించండి. పిల్లలనే చెప్పనివ్వండి.

జాగ్రత్తలు

చెరువు దగ్గరికి, మట్టి తవ్విన గుంటల దగ్గరికి పిల్లలను ఒంటరిగా పంపకండి. వెంట పెద్దవాళ్లు ఉండాలి.

రాయిని చేత్తో ఎత్తకముందు కట్టెతో కదిలించండి. కింద తేలు ఉండవచ్చు.

గాజు పెంకులు, బ్లేళ్లు, సూదులు, పాత బ్యాటరీలు ముట్టుకోనివ్వకండి. పగిలిన గాజులు కూడా చిన్నపిల్లలకు వద్దు. పురుగుమందు డబ్బాలు, సీసాలు కడిగినా సరే వాడకండి.

చింతగింజలు, గులకరాళ్లు చిన్నపిల్లలు ముక్కులో, చెవిలో, నోట్లో పెట్టుకుంటారు. మూడేళ్లలోపు పిల్లలకు అవి ఇవ్వకండి.

సున్నం వద్దు. కంట్లో పడితే చూపుకు ప్రమాదం.

చిప్పల్లో నీళ్లు నిలవ ఉంచకండి. దోమలు పెరుగుతాయి. ఆట అయిపోగానే పారబోయండి.

పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగించండి. గోళ్లలో మట్టి లేకుండా చూడండి.

చివరగా ఒక మాట

నెల తర్వాత మళ్లీ పలక ఇవ్వండి. "మన ఊరి గుట్ట వెయ్యి" అనండి. ఈసారి గుండ్లు వేస్తారు. తాటిచెట్టు వేస్తారు. చెరువుకు అలుగు కూడా వేస్తారు. అది వంకరగా ఉన్నా ఫర్వాలేదు. అది మన గుట్ట.

కొత్త మాటలు

శిల్పం - రాయి, మట్టి, కర్రతో చేసిన రూపం.
అలుగు - చెరువు నిండినప్పుడు ఎక్కువ నీళ్లు బయటికి పారే చోటు. మత్తడి.
తూము - చెరువు నీళ్లను పొలానికి వదిలే దారి.
నక్ష - ఊరి పటం.

ఆలోచించండి - మాట్లాడుకోండి

1. మన ఊరి చెరువులోకి నీళ్లు ఏ దారిన వస్తాయి? ఆ దారి ఇప్పుడు బాగుందా?
2. మన చెరువు నిండితే నీళ్లు ఏ చెరువుకు పోతాయి?
3. మన ఊళ్లో పేరున్న గుండ్లు, కుంటలు, చేలు ఎన్ని? ఆ పేర్లు ఎవరికి తెలుసు?

చేయండి

1. పేర్లు రాసిన చీటీలు పది తయారుచేయండి. మన కేంద్రానికి తీసుకురండి.
2. నలుగురు తల్లులు, వాళ్ల పిల్లలు కలిసి కేంద్రం ముందు మన ఊరి గుట్టను, చెరువును చేయండి. ఊరి పెద్దలను పిలిచి చూపించండి. కాలువ ఎక్కడుందో పిల్లల చేతే చెప్పించండి.